కుచ్చిళ్ళు వెనక్కి

ఏప్రిల్ 12, శనివారం
నోవై

తాతా,

నేను షాలోమ్‌ని. నా ఫోన్ నుంచే పెడతన్నా. వాయిస్ మెసేజ్ పెట్టరా అన్నావు గానీ ఇంట్లో మాట్లాడితే అందరికీ వినపడతది. అందుకే టైప్ చేస్తన్నా. తెలుగు నేను చదివింది ఏడో క్లాసు దాకేగా, తప్పులుంటే ఏమనుకోమాక.

ఇక్కడ నిన్న మళ్ళీ మంచు పడింది. నేను పనిచేసే మొక్కల షాపులో బయట పెట్టిన పూలమొక్కలన్నీ లోపలికి మోశాం. ఇక్కడ స్కూల్ మానేశానని అమ్మకి ఇంకా కోపమే. హాస్పిటల్లో తోటి నర్సుల పిల్లలందరూ కాలేజీ అంట, మావాడు ఎరువు బస్తాలు మోస్తన్నాడని ఎట్టా చెప్పుకోవాలి అంటది. నాన్న టీవీ సౌండ్ పెంచాడు.

జూన్ పదిహేనున మన తెలుగు చర్చిలో బాప్తిస్మాలు. నా పేరు నేనే ఇచ్చా. పాస్టర్ గారి దగ్గరికెళ్ళి నోటితో అడిగా తాతా. అమ్మావాళ్ళు నన్ను నీ దగ్గర వదిలి ఇక్కడికొచ్చాక చీరాల్లో నాకు ప్రార్థన నేర్పింది నువ్వేగా. నువ్వు రావాలి. అరోరా నుంచి కారులో ఐదారు గంటలే అంట, అత్తని అడుగు. నీళ్ళల్లోకి దిగే ముందు సంఘం ఎదుట నిలబడి, దేవుణ్ణి ఎట్టా నమ్ముకున్నానో సాక్ష్యం చెప్పాలంట. అందరి ముందూ నోరు తెరవటం నాకు రాదని నీకు తెలుసుగా.

ఒకటి అడగనా. బాగా మందంగా ఉండే గుడ్డకి కుచ్చిళ్ళు పెట్టాలంటే ఎట్టా. నడుము ముప్పై. పొడుగు ఇరవై మూడు. ముందు సాఫుగా ఉండాలి, వెనకంతా కుచ్చిళ్ళు. అమ్మ గరాజ్ సేల్‌లో పాతది కొనుక్కొచ్చిన కుట్టు మిషన్ ఉంది. ఎవరికీ చెప్పమాక.

బస్తాల ట్రక్కొచ్చింది. పోతన్నా.
షాలోమ్


ఏప్రిల్ 14
అరోరా

గారాల మనవడు షాలోమ్‌ని దేవుడు తన చల్లని నీడలో ఉంచాలని కోరుతూ తాత అబ్రహాం రాయునది.

నీ మెసేజి చదివి చాలా సంతోషించాను. ఈ టాబ్లెట్‌లో తెలుగు అక్షరాలు ఎక్కడున్నాయో మీ అత్త కొడుకు ఆరుష్ చూపించాడు. ఒక్కొక్కటి వేలితో వెతుక్కుంటూ రాస్తున్నాను. ఇంత రాసేసరికి టీ చల్లారిపోయింది.

బాప్తిస్మానికి తప్పకుండా వస్తాను. మీ అత్త జెనిఫర్‌ని ఆదివారం సెలవు పెట్టమని చెప్పాను. చీరాల నుంచి మీ అత్త దగ్గరికి వచ్చాక ఈ ఇంట్లోంచి కదలడానికి నాకూ ఒక కారణం దొరికింది. లుంగీతో వాకిలి దాటకూడదని మీ అత్త ఆజ్ఞ. వీధిలోవాళ్ళు ఏమనుకుంటారోనని ఆమె భయం. రెండు ట్రాక్ ప్యాంట్లు కొనిచ్చింది. జీవితమంతా ప్యాంట్లు కుట్టి బతికినవాడినే గాని, పొద్దస్తమానం అందులో కూర్చోవడం నా వల్ల కావడం లేదు. కాళ్ళు రెండూ గోతంలో పెట్టి మూతి కట్టినట్టుంది. కిటికీ నుంచి తలుపుకి, తలుపు నుంచి కిటికీకి తిరుగుతున్నాను.

ఇక నువ్వు అడిగినది. నేను జెంట్స్ టైలర్నని బోర్డు రాయించుకున్నవాడిని, ఆడవాళ్ళ బట్ట ముట్టుకోలేదు. కాన్వెంటు ఆడపిల్లల కుచ్చిళ్ళ యూనిఫాం మాత్రం కుట్టాను, జూన్ నెలలో ఆ గిరాకీ వదులుకోలేక. గుడ్డ నడుముకి మూడింతలు తీసుకో. కుచ్చిళ్ళన్నీ ఒకే వైపు పడాలి. నడుము నుంచి తుంటి దాకా కుట్టెయ్యి, అక్కడి నుంచి కిందికి వదిలెయ్యి. అప్పుడు లావుగా ఉబ్బదు. ఇస్త్రీ చేసేటప్పుడు తడిగుడ్డ పరిచి నొక్కు, పెట్టెని అటూ ఇటూ లాగకు.

ముందు సాఫుగా, కుచ్చిళ్ళు వెనక్కి ఉండే పరికిణీ నేను చూడలేదు. ఈ దేశపు మోడల్ కాబోలు. ఇరవై మూడంటే మోకాలు కనబడుతుంది. చర్చికొచ్చే పిల్లయితే ఇంకో ఆరంగుళాలు దించు. ఎవరో నేను అడగను. చెప్పాలనిపించినప్పుడు నువ్వే చెప్తావు.

నీ సాక్ష్యం కోసం రోజూ ప్రార్థిస్తున్న
తాత


ఏప్రిల్ 20, ఈస్టర్

తాతా,

పొద్దున్నే పార్కులో ఆరాధన పెట్టారు. చలికి అందరి పళ్ళూ టకటకలాడినై. పాస్టర్ గారు పునరుత్థానం అంటా ఉంటే పెద్ద బాతులు రెండు ఆయన మీదకొచ్చినై. ఇక్కడి బాతులు ఎవర్నీ లెక్కచెయ్యవు. అందరూ నవ్వారు, నేనూ నవ్వా.

కుచ్చిళ్ళు నువ్వు చెప్పినట్టే పెట్టా. సూదులు మూడు విరిగినై. పెయింటర్లు నేల మీద పరుస్తారే ఆ కాన్వాస్ గుడ్డ అది, జీన్స్ సూది తెచ్చుకున్నాక కుట్టు పడింది. తుంటి దాకా కుట్టడం భలే చెప్పావు. నడిస్తే వెనక కుచ్చిళ్ళు ఊగతన్నై. కూర్చుంటే మళ్ళీ సర్దుకుంటన్నై. మోకాలు కనపడాలి తాతా. అది అంతే.

ఇంకోటి చెప్దామని రెండుసార్లు టైప్ చేసి తుడిపేశా. మళ్ళీ చెప్తా. ఈ మధ్య కుదురుగా కూర్చోలేకపోతన్నా. అన్నం తింటా కూడా కాలు ఊపతా ఉంటా. అమ్మ బల్ల కింద తంతది.

ఉంటా
నీ షాలోమ్


ఏప్రిల్ 23

మనవడికి తాత ముద్దులు.

నడిస్తే ఊగుతోందంటే ఆ పిల్ల వేసుకుని చూపించిందన్నమాట. సరే సరే. నాకేమీ కోపం లేదు. వయసు అలాంటిది. మీ నాన్న ఇమ్మాన్యుయేల్ మీ అమ్మని మొదట చూసింది మన షాపులోనే. వాళ్ళ అన్న ప్యాంటు తీసుకుపోవడానికి వచ్చింది. ప్యాంటు రెడీగా ఉన్నా మీ నాన్న లేదని చెప్పి మూడుసార్లు తిప్పాడు. నేను చూసీ చూడనట్టు గుండీలు కుట్టుకున్నాను.

ఒక్కమాట. బాప్తిస్మం ముందు పెట్టుకుని మనసు చెదరనివ్వకు. ఆ పిల్లది మన సంఘమైతే పెద్దవాళ్ళకి తెలిసేలా ఉండండి. దాపరికంతో మొదలైతే తరవాత పడేవాళ్ళు మీరే.

మీ అత్తకి చెప్పాను. చెప్పకూడదనే అనుకున్నాను. ఆమె నా మొహం చూసి ఏంటి నాన్నా నవ్వుకుంటున్నావు అంటే ఆగలేకపోయాను. ఎవరికీ చెప్పనని ఒట్టేసింది.

ఈ రోజు ట్రాక్ ప్యాంటులో తోక పీకిన కోడిలా గుమ్మం దాకా వెళ్ళి వచ్చిన
తాత


మే 4, ఆదివారం

తాతా,

ఎక్కడ్నుంచి చెప్పాలో తెలవట్లా.

అత్త అమ్మకి ఫోన్ చేసి చెప్పేసింది. మీవాడు ఎవరో పిల్లకి పరికిణీ కుట్టి ఇస్తన్నాడు వదినా అని. అమ్మ నన్నేం అడగలా. వారమంతా నన్ను చూస్తా ఉంది, అంతే. ఈరోజు ఆరాధన అయ్యాక అందరూ భోజనాల దగ్గరుంటే అమ్మ నాగమల్లేశ్వరి ఆంటీ దగ్గరికి పోయి, మీ అమ్మాయి శ్రీవల్లికి మావాడు బట్టలు కుట్టిచ్చాడంట, మీకు తెలుసా అంది. శ్రీవల్లి నాకు ఒకసారి బిర్యానీ ప్లేటు అందించటం అమ్మ చూసింది తాతా. అంతకన్నా ఏం లేదు. ఆంటీ గట్టిగా, మా పిల్లకి మీవాడు కుట్టేదేంది జోసఫిన్, మేము కొనుక్కోలేమా అంది. అందరూ తిరిగి చూశారు. ఆ పిల్ల ఏడుస్తా పోయి కారులో కూర్చుంది.

నా వల్ల ఆ పిల్లకి మాటొచ్చింది. ఇంటికొచ్చాక ఇంక ఆగలేకపోయా. పైకెళ్ళి నేను కుట్టింది వేసుకుని వంటింట్లోకి దిగొచ్చా. ఏ పిల్లా లేదు, ఇది నాది, నేను వేసుకోటానికే కుట్టుకున్నా అని చెప్పా.

నాన్న టీవీ ఆపేశాడు. ఎప్పుడూ ఆపడు. కాసేపు చూసి, జేబులు కూడా పెట్టావేంట్రా అన్నాడు. మీరు నోరు మూసుకోండి అంది అమ్మ.

దాన్ని కిల్ట్ అంటారు తాతా, తెల్లోళ్ళలో కొందరు మగాళ్ళే కట్టుకునే కుచ్చిళ్ళ బట్ట. మా షాపులో బస్తాలెత్తే ఫోర్క్‌లిఫ్ట్ నడిపే డగ్ రోజూ అదే వేసుకొస్తాడు. పండక్కీ పెళ్ళికీ కాదు, ఊరికే, టీషర్ట్ మీదకి. మంచులో కూడా, పొడుగు సాక్సులేసుకుని. లుంగీకి కుట్టేసి జేబులు పెట్టినట్టుంటది. ఎవరూ నవ్వరు. నాకు మన లుంగీ గుర్తొచ్చింది. కుట్టు చూసుకోనియ్యవా అని అడగటానికి నాకు నెల పట్టింది. అడిగితే కౌంటర్ మీద ఇంకోటి పరిచి చూపించాడు.

అమ్మ బైబిల్లో వాక్యం తీసి చదివింది. మగాడు ఆడవాళ్ళ బట్ట కట్టకూడదని ఉంది కదా, అది. సాక్ష్యంలో చెప్పాలంట. ఆడబట్ట కట్టా, అది పాపం, వదిలేశా అని అందరి ముందూ. చెప్తేనే నీళ్ళల్లోకి, లేకపోతే నీ పేరు కొట్టేయిస్తా అంది. నాకింకా పద్దెనిమిది రాలా, అమ్మ ఒప్పుకోకపోతే పాస్టర్ గారు ఇవ్వరు. నాకు బాప్తిస్మం కావాలి తాతా. కానీ అది పాపం అని నాకు అనిపించట్లా. అనిపించనిది దేవుడి ముందు ఎట్టా చెప్పను.

నువ్వొచ్చి అమ్మతో మాట్లాడు.
షాలోమ్


మే 7

షాలోమ్‌కి,

మీ అత్త నాకు అంతా చెప్పింది. నీ మెసేజి కూడా చదివాను.

నీకు వచ్చిన అనుమానం నన్ను అడిగావు. ఎవరికి అని నేననుకున్నానో నీకు తెలుసు. తెలిసీ ఊరుకున్నావు. నేను కొలతలు చెప్పాను, ఇస్త్రీ చెప్పాను, లేని పిల్ల కోసం మోకాళ్ళ మీద ప్రార్థన చేశాను. నా ముసలితనాన్ని ఆట పట్టించావు.

నేను రావడం లేదు. మీ అత్తకి సెలవు పెట్టవద్దని చెప్పాను.

అబ్రహాం


మే 11

తాతా,

నువ్వెప్పుడూ అబ్రహాం అని పెట్టలా నాకు.

నేను పిల్ల అని చెప్పలా. నువ్వే అనుకున్నావు. నేను కాదనలా, అది నిజమే. నాకు చెప్పటానికి సిగ్గేసింది. నీకూ సిగ్గేసిందని నాకు తెలుసు. చీరాల్లో జెంట్స్ టైలర్ మనవడు పరికిణీ కట్టాడంట అంటారని. సిగ్గయితే రావొద్దులే. నేను ఎవరికీ సిగ్గు తేవటానికి కుట్టుకోలా.

ఈరోజు మదర్స్ డే. చర్చిలో పిల్లలందరూ అమ్మలకి పువ్విచ్చారు. నేనూ ఇచ్చా. తీసుకుని పక్కన కుర్చీలో పెట్టింది. ఆంటీలు కొందరు అమ్మతో సరిగ్గా మాట్లాడట్లా. తల్లి దగ్గర లేకుండా పెరిగితే ఇట్టాగే ఉంటది అన్నారంట. అది అమ్మకి ఎక్కడో గుచ్చుకుంది. రాత్రిళ్ళు డ్యూటీ, పగలు నిద్ర పట్టక ఇల్లంతా తుడుస్తంది. తుడిచిందే తుడుస్తంది.

కిల్ట్ వర్క్‌కి వేసుకెళ్తన్నా. ఇంటి దగ్గర ప్యాంటుతో బయల్దేరి షాపులో మార్చుకుంటన్నా.

షాలోమ్


మే 25

తాతా, నీలం టిక్కులు పడ్డై. చదివావు. జవాబు లేదు.

ఫోటో పెడతన్నా. డగ్ తీశాడు. వెనక నుంచి తియ్యమన్నా, కుచ్చిళ్ళు కనపడాలని. చూడకపోయినా పర్లేదు.

పాస్టర్ గారు సాక్ష్యాలకి రిహార్సల్ పెట్టారు. ఎనిమిది మందిమి. నా వంతొస్తే మైకు పక్కనోడికిచ్చేసి వెనక్కొచ్చా. సంఘం పెద్ద వీరభద్రం అంకుల్, రాసుకో బాబూ అన్నాడు. రాసుకున్నా అందరి ముందూ పైకి చదవలేనని ఆయనకి తెలవదు. అమ్మ రోజూ అడగతంది, చెప్తావా చెప్పవా అని. తెలవదు అంటన్నా.


జూన్ 11
అరోరా

మనవడు షాలోమ్‌కి తాత రాయునది. చాలా రోజులకి రాస్తున్నాను, నా మీద మనసులో ఏమీ పెట్టుకోకు.

ముందు ఒక పొరపాటు సరిదిద్దాలి. నాకు సిగ్గు అని నువ్వు రాశావు. కాదు. ఆ బట్ట మీద నాకు కోపం లేదు, ఒక్కరోజు కూడా లేదు. నా దగ్గర పెరిగినవాడు నాకు కూడా చెప్పుకోలేకపోయాడే అని బాధ. ఆ బాధని కోపంగా రాశాను. నువ్వు దాన్ని సిగ్గు అనుకున్నావు. ఇద్దరం ఇన్నాళ్ళు ఇలా కూర్చున్నాం.

నీ ఫోటో ఆరుష్ చేత పెద్దది చేయించి చూశాను. నడుముపట్టీ బాగుంది. ఎడమవైపు నాలుగో కుచ్చు కొంచెం వంకర పోయింది, అక్కడ గుడ్డని నేత పోగుకి ఏటవాలుగా కోశావు. చూసుకో. మిగతాది నేను కుట్టినా అంతే వచ్చేది.

వాక్యం గురించి రెండు వారాలు ఆలోచించాను. మగవాళ్ళకి మాత్రమే అని నా షాపు మీద పెయింటుతో రాయించుకుని బతికిన మనిషిని. ఏది మగ బట్టో నాకు బాగా తెలుసనుకున్నాను. మా నాన్న ప్యాంటు ఎరగడు, పంచెతోనే పోయాడు. నేను మొదటి ప్యాంటు తొడిగినప్పుడు దొరబట్ట కట్టావని ఊళ్ళో నవ్వారు. అందరిలాగా కనబడటానికే చాలామంది బట్ట కడతారు. అది తప్పు కాదు. నువ్వు కట్టిందీ తప్పని నాకు తోచలేదు.

మొన్న సాయంత్రం లుంగీ కట్టుకుని వీధి చివరి దాకా నడిచాను. మీ అత్త కిటికీ తెర లాగేసింది. కుక్కని తిప్పుకుంటున్న ఒకాయన హౌ ఆర్ యూ అన్నాడు. ఫైన్ అన్నాను. అంతే జరిగింది. ఆ రాత్రి బాగా నిద్రపట్టింది.

మీ అమ్మతో ఫోన్లో మాట్లాడాను. నాకు కోపమొచ్చి పెట్టేసే ముందు ఆమె ఒకమాట అంది. వాడు నాతో పది మాటలు కూడా మాట్లాడడు మామయ్యా, వాడు ఏం అనుకుంటాడో ఆ బట్ట చూసి తెలుసుకోవాలా నేను అంది.

మీ అత్తకి ఇప్పుడు సెలవు దొరకదట. వద్దని చెప్పింది నేనే, ఎవర్నీ అనను. నువ్వు ఒక్కడివే నిలబడాలి. తప్పనిపిస్తే తప్పని చెప్పు. అనిపించకపోతే మీ అమ్మ కోసం చెప్పకు, నా కోసం మానకు. కానీ నోరు మూసుకుని మాత్రం నిలబడకు. నిన్ను ఎవరూ అపార్థం చేసుకోకుండా ఉండాలంటే అదొక్కటే దారి. నాకు ఈ వయసులో తెలిసింది.

నీ పక్కనే ఉన్నాననుకో.
తాత


జూన్ 15, ఆదివారం

తాతా,

అయిపోయింది. మొదట్నుంచీ చెప్తా.

ప్యాంటుతోనే వెళ్ళా. చర్చిలో అందరికీ తెల్ల గౌన్లిచ్చారు, మగాళ్ళకీ ఆడాళ్ళకీ ఒకటే, పాదాల దాకా. నా ముందు నిలబడ్డ కౌశిక్ అన్న గౌను అంచు తొక్కుకుని పడబోయాడు. నాన్న మగాళ్ళ వైపు ముందు వరసలో కూర్చుని కింద నుంచి పైదాకా నన్ను చూసి మీసం కింద నవ్వాడు. ఆడాళ్ళ వైపు చూశాడు. అమ్మ చూడలా.

నా వంతు ఆరోది. మైకు పట్టుకుంటే నా ఊపిరే పెద్దగా వినపడింది. పిల్లలెవరో నవ్వారు. నేను బల్ల మీదున్న గుడ్డనే చూస్తా మొదలుపెట్టా. ఏమన్నానంటే, నేను కిల్ట్ వేసుకుంటా. ఆడాళ్ళది కాదది. నేనే కుట్టుకున్నా. ఈ దేశం వచ్చినకాడ్నుంచి నాతో ఎవరూ మాట్లాడలా, నేనూ మాట్లాడలా. అది వేసుకున్నాక షాపులో ఎవరో ఒకరు ఎక్కడ కొన్నావు అంటారు. నేను కుట్టా అంటా. అప్పుడు ఇంకో మాట అడగతారు. నేను చెప్తా. పాపం అని చెప్పమన్నారు. చెప్పి నీళ్ళల్లో దిగితే దేవుడికి అబద్ధం చెప్పి దిగినట్టు. అబద్ధంతో దిగను. మా తాతకి చెప్పాల్సిన టైంలో చెప్పలా, అది మాత్రం తప్పే. శ్రీవల్లి పేరు నా వల్ల మధ్యలోకొచ్చింది, అది కూడా తప్పు. యేసయ్యని నమ్ముకున్నా. అంతే.

ఎవరూ ఆమెన్ అనలా.

వీరభద్రం అంకుల్ లేచి, వదిలేశానని అనలేదే బాబు అన్నాడు. వదల్లా అంకుల్ అన్నా. పాస్టర్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మైనరు కాబట్టి తల్లిదండ్రుల మాట కావాలి అన్నారు. నాన్న లేచి నాకేం అభ్యంతరం లేదండి అన్నాడు. అప్పుడు అందరూ అమ్మ వైపు తిరిగారు.

అమ్మ లేచింది. కొంగు తల మీదకి లాక్కుంది. వదిలింది. మళ్ళీ లాక్కుంది. ఇప్పుడు కొట్టేస్తది నా పేరు అనుకున్నా.

వాడు మాట్లాడాడు పాస్టర్ గారూ అంది. వాడి నోట ఇన్ని మాటలు ఇంట్లో కూడా నేను వినలా. వాడిని వదిలేసి నేను ఈ దేశం వచ్చినప్పుడు వాడు అన్నం, నీళ్ళు, అమ్మ, ఇవే మాట్లాడేవాడు. ఆ తర్వాత ఇదే వినటం. బాప్తిస్మం ఇవ్వండి. అబద్ధం చెప్పనన్నాడుగా, ఇవ్వండి అంది.

కూర్చోబోయి మళ్ళీ లేచింది. మోకాళ్ళు కనపడకుండా కట్టుకోమని మీరైనా చెప్పండి, నా మాట వినడు అంది. నాగమల్లేశ్వరి ఆంటీయే ముందు నవ్వింది. తర్వాత అందరూ.

నీళ్ళు వెచ్చగా పెట్టారు తాతా. పాస్టర్ గారు నా తల పట్టుకుని ముంచితే చెవుల్లో బుడబుడమంది. లేచినప్పుడు ఎవరెవరు పాడతన్నారో తెలవలా గానీ చాలా గట్టిగా పాడతన్నారు.

ఇంటికొచ్చాక అమ్మ పడుకోలా. ఇవాళ రాత్రి డ్యూటీ ఉంది, పడుకోవాలి. సోఫాలో నా పక్కనొచ్చి కూర్చుంది. ఆ షాపులో నిన్ను ఏమడగతారురా అంది. డగ్ గురించి చెప్పా. టమాటా నారు కొనటానికొచ్చే ఒక ముసలామె తన మొగుడికి ఒకటి కుట్టమందని చెప్పా. తర్వాతేంటి అంది. షాపు వెనక బాతులు నా వెంట పడింది చెప్పా. తర్వాతేంటి అంది. చెప్పా. ఇంక చెప్పటానికి ఏం మిగల్లా. అయినా లేవట్లా తాతా, ఇంకా కూర్చునే ఉంది. ఫోన్ పక్కన పెట్టరా అంటంది.

పెడతన్నా.
షాలోమ్